రాక్షసుడు సారీ చెప్పాడట

జూన్ 3, సోమవారం

నా పుస్తకంలో చిలక పేజీలు కోసేశారు. చింపలేదు, బ్లేడు పెట్టి నీటుగా కోశారు. రెండు కాగితాలు, నాలుగు పేజీలు. వాటి చోట టైపు చేసిన చీటీ అంటించారు. “రాక్షసుడు సారీ చెప్పాడు. అందరూ కలిసి ఆడుకున్నారు.”

చేసింది మా క్రెష్ మేడమ్. ఫ్యాక్టరీలో కుట్టే అమ్మల పిల్లలు పద్దెనిమిది మంది మా దగ్గరుంటారు. అన్నాలయ్యాక వాళ్ళకి కథ చదివి పడుకోబెట్టడం ఆయాగా నా పని. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. అక్కలందర్నీ వాడు ఎత్తుకుపోతే ఆఖరి చెల్లెలు వెళ్ళి ఆ చిలక మెడ నులుముతుంది. ఇక్కడ వాడు దబ్బున పడి చస్తాడు. అదీ కథ.

పక్షి హింస పిల్లలకి మంచిది కాదట. పైనుంచి సర్క్యులర్ వచ్చిందట. పేజీలు పారెయ్యలేదు, ఫైల్లో పెట్టానులే, కథకోసం ఇంత రాద్ధాంతమా అమ్మాయ్ అంది మేడమ్.

ఆమెకి కథే. నాకు బడి లేదు. పాత కాగితాల కొట్లో దొరికిన ఈ పుస్తకంతోనే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తడబడకుండా చదివిన మొదటి వాక్యం చిలక మెడ నులిమే వాక్యమే.

జూన్ 4

చీటీలో ఉన్నదే చదివాను. ఉద్యోగం కావాలి మరి. సిగ్గేసింది.

సారీ చెప్పాక వాడు ఎక్కడ పడుకుంటాడని ఒకడు అడిగాడు. బీరువా పక్క చాప మీద అని ఇంకొకడు చెప్పాడు. ఇంక ఆ చాప మీదికి ఒక్కరూ పోలేదు.

జూన్ 5, మధ్యాహ్నం 2.20

పదకొండు మంది మేలుకునే ఉన్నారు. వాళ్ళలో బొంగరం ఒకతి. నాలుగేళ్ళ పిల్ల, కాలు ఒకచోట నిలవదు, అందుకే ఆ పేరు. ఇవాళ మాత్రం కదల్లేదు. గోడకి వీపు ఆనించి తలుపు వంకే చూస్తూ కూర్చుంది.

పడుకోవే తల్లీ, వాడు మంచోడైపోయాడుగా అన్నాను. సారీ చెప్పినోళ్ళు మళ్ళీ వస్తారు ఆయమ్మా అంది. ఎవరన్నారే అంటే, వాళ్ళ నాన్న కూడా పొద్దున్నే సారీ చెబుతాడంది.



జూన్ 6

బొంగరం వాళ్ళమ్మది ఇస్త్రీ సెక్షన్. టీ టైములో పరుగున వచ్చి నన్ను నిలేసింది. ఏం చేశావు నా పిల్లని అంది. ఇంట్లో ఎలాగూ కళ్ళు మూయదు, ఇక్కడ పడుకునే రెండు గంటలే దానికి నిద్ర, అదీ లేకుండా చేశారు కదమ్మా అంది. మెడ దగ్గర కమిలిన మచ్చ కనబడింది. నేను చూడటం చూసి కాలర్ పైకి లాక్కుంది. ఇస్త్రీ పెట్టె తగిలిందంది.

జూన్ 7

పుస్తకం మూసి నోటితో చెప్పాను. చిలకని పట్టాను, మెడ నులిమాను, రాక్షసుణ్ణి నేలమీద పడేశాను. నేనే పడి చూపించాను కూడా. మోచెయ్యి దోక్కుపోయింది. పిల్లలు నవ్వారు.

బొంగరం నవ్వలేదు. పుస్తకం తెరిచి చీటీ మీద వేలు పెట్టింది. ఇందులో అలా లేదంది.

తప్పు నాదే. పుస్తకంలో ఉన్నదే చదువుతాను, సొంత కల్పన ఒక్క ముక్క ఉండదు అని మొదటిరోజు గొప్పగా చెప్పింది నేనే. కోసిన పేజీల్లో రాక్షసుడు వెల్లకిలా పడున్న బొమ్మ ఉండేది. రోజూ దాని కళ్ళు వేలితో మూసి, అప్పుడు వెళ్ళి పడుకునేది ఈ పిల్ల. నాకిప్పుడు తట్టింది.

జూన్ 10

మెమో ఇచ్చారు. పిల్లలు ఎందుకు నిద్రపోవడం లేదో, భయపెట్టే కథలు ఎందుకు చెబుతున్నానో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. భయపెట్టింది నేనా? నా కథలో వాడు చచ్చేవాడు. బతికించింది వాళ్ళు.

వంటక్కకి చూపించాను. రాక్షసుడే నేర్చుకున్నాడు, మీ మేడమ్‌కి ఆ సారీ అనే మాట ఎప్పుడొస్తుందో అని గరిటె కడుక్కుంటూ పోయింది. తర్వాత వెనక్కొచ్చి, జాగ్రత్త పిల్లా, పని పోతే వెనకేసుకొచ్చేవాడు ఉండడు అంది.

తెలుసు.

జూన్ 11, ఉదయం 8.05

మేడమ్ తలుపుకి అంటించిన నా జవాబు. నకలు ఇక్కడ రాసుకుంటున్నాను.

మెమోకి సంజాయిషీ: పిల్లలు నిద్రపోనిది వాడు బతికున్నందుకు. కోసిన పేజీలు ఫైల్లోంచి తీసి నా చేతికివ్వండి. ఇస్తారో ఇవ్వరో మీరూ రాతలోనే చెప్పండి. గడువు గురువారం మధ్యాహ్నం రెండు గంటలు. రెండింటికి బొంగరం పడుకోవాలి. అప్పటికి వాడు చచ్చి ఉండాలి.