నాన్న కంటికి మూడు వారాల గడువు

అక్కా,

నాన్న బాగానే ఉన్నారు. శుక్లం ఆపరేషన్ మాత్రం మూడు వారాలు వాయిదా పడింది. అమ్మ కంగారు పడకుండా నిదానంగా చెప్పు.

కంట్లో పెట్టే లెన్సు కోసం రెండుసార్లు కొలతలు తీస్తే ఒకదానికొకటి పొంతన కుదరలేదు. కన్ను పొడిబారిందని, ఆ కొలతతో లెన్సు పెడితే చూపు సరిగా రాదని డాక్టరమ్మ చెప్పింది.

"పొద్దస్తమానం నీళ్లు కారే కన్ను పొడి కన్ను ఎలా అవుతుందమ్మా?" అన్నారు నాన్న.

"మంటకు వచ్చే నీళ్లు జారిపోతాయండీ, కంటిని తడిగా ఉంచవు. అసలు మీరు రెప్ప వేయరేం?"

"రెప్ప వేసేలోపు స్క్రూ ఎగిరిపోతే ఎవరు వెతుకుతారు?"

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన అలవాటు మరి. ఆవిడ నవ్వింది. నాన్న నవ్వలేదు. బయటికొచ్చాక, "ఇక చూపు రాదని చెప్పలేక వాయిదా వేశారు కదరా?" అన్నారు. మళ్లీ లోపలికి తీసుకెళ్లి ఆవిడతోనే చెప్పించాను, తడి కుదిరితే కొలత కుదురుతుందని.

రోజుకు ఆరుసార్లు చుక్కలు వేస్తున్నాను, రెండు పూటలా వేడిగుడ్డతో కాపడం పెడుతున్నాను. ఆయన చొక్కాలు రెండు పంపు. ఆపరేషన్ అయ్యి మేం తిరిగొచ్చేసరికి ఇంట్లో ఫ్యాను గాలి ముఖానికి కొట్టకుండా ఆయన మంచం జరిపించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

ఇంటికి పోదామని నిన్న సర్దిన సంచిని ఈ పొద్దున ఆయనే విప్పుకున్నారు. అమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు తాతయ్య దీవెనలు.

తమ్ముడు