దారమనుకున్నది

బుధవారం, మధ్యాహ్నం మూడున్నర
కుట్టు కొట్టు నుంచి

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. నేను క్షేమంగా లేనక్కా. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఉంటానో లేదో కూడా తెలియదు. అక్షరాలు వంకరపోతే తిట్టకు.

అరగంట క్రితం నల్ల జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. బల్లమీద జానెడు నల్ల దారం ముక్క కనిపించింది. పారేయడమెందుకని తీశాను. నా అలవాటు నీకు తెలుసుగా, కొస పెదాల మధ్య పెట్టి తడిపిగానీ సూదిలోకి ఎక్కించను. పెట్టాను. అది మెలికలు తిరిగింది! పామక్కా! దారమంత సన్నం, అయినా పామే. తల ఏదో తోక ఏదో తెలియదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా ఉమ్మేశానో, ఎంత గట్టిగా అరిచానో గుర్తే లేదు.

మీ మరిది దాన్ని గుండీల సీసాలోకి తోసి, మూత బిగించి, పక్కవీధిలో మొక్కలమ్మే ఆయనకు చూపించడానికి పరుగెత్తారు. మొన్న ఆయన దగ్గర కొని ఈ బల్లమీదే పెట్టిన పూలకుండీ మట్టిలోంచే వచ్చిందని ఈయన అనుమానం. ఏ పామో తెలిస్తే డాక్టరుకు చెప్పొచ్చట. నన్ను మాత్రం కదలకుండా కూర్చోమన్నారు. పదిసార్లు పుక్కిలించాను. అద్దంలో నాలుక చూసుకున్నాను. మొద్దుబారినట్టే ఉంది. ఇది విషమో, భయమో? చచ్చిపోతానేమోనని చాలా భయంగా ఉందక్కా.

అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. నీకు చెప్పాల్సిన మాట ఒకటి ఏడేళ్ళుగా కడుపులో దాచుకున్నాను. పెళ్ళికూతురి పట్టు జాకెట్టు పాడైన రోజు గుర్తుందా? చేతులు రెండూ కుడివైపువే కత్తిరించి ఉన్నాయి. నా చూపు పోతోందే అని నువ్వు కత్తెర కిందపెట్టి, కొట్టు నాకొదిలేసి వెళ్ళిపోయావు. కళ్ళ డాక్టరు బాగానే ఉన్నాయన్నా నమ్మలేదు. ఇప్పుడు గుండీ కుట్టుకోవాలన్నా మనవరాలిని పిలుస్తావట. అక్కా, ఆ రోజు... రాయబోతే పెన్ను ఆగిపోతోంది. చావుకు ముందు కూడా ఇంత పిరికిదాన్నా!

ఈయన వస్తున్నట్టున్నారు. ఉంటాను.

నీ చెల్లెలు

తా.క.: బతికే ఉన్నాను. మొక్కలాయన సీసా చూసి పడీపడీ నవ్వాడట. అది గుడ్డిపామట, మట్టిలో చీమల గుడ్లు తిని బతుకుతుందట, విషం లేదు, మనిషిని కరవడానికి దాని నోరే చాలదట. నా నోట్లో పడ్డందుకు అదే హడలిపోయి ఉంటుందని కూడా అన్నాడట, వెటకారం చూడు! దాన్ని మళ్ళీ మట్టిలో వదిలేశారు. ఈయన అప్పుడే నలుగురికి చెప్పి నవ్వించారు.

ఇక ఈ ఉత్తరం చించెయ్యొచ్చు. చించబోయాను కూడా. కానీ మళ్ళీ కూర్చుని పెన్ను తీశాను. ఆ పట్టుగుడ్డ కత్తిరించింది నేను. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు, నాకూ వచ్చని చూపించుకుందామని మొదలుపెట్టి, రెండో చేతికి గుడ్డ తిరగెయ్యడం మరిచాను. భయపడి నీ బల్లమీద పెట్టేశాను. పొద్దున హడావిడిలో నువ్వే కత్తిరించావన్నాను, నమ్మేశావు. నీ కళ్ళకేమీ కాలేదక్కా.