సుద్దముక్క రక్తం

అమ్మా, నేను కులాసా. రక్తం అన్న మాట వినగానే కంగారుపడకు.

మొన్న మా బైండింగ్ షాపుకి రక్తదానం వాళ్లు వచ్చారు. నర్సమ్మ నా కింది రెప్ప లాగి చూసిందో లేదో, నేను నోరు తెరిచేశాను. "నేను చూసేది కన్ను తల్లీ, నోరెందుకు?" అంది. షాపంతా ఒకటే నవ్వు.

వాళ్లకేం తెలుసు? ఆదివారం పొద్దున్నే నువ్వు నా రెప్ప లాగి, "ఇంకా రక్తం లేక సుద్దముక్కలాగే ఉన్నావే" అంటూ చెంచాడు బీట్‌రూట్ రసం నోట్లో పోసేదానివి. అప్పట్లో ఉమ్మేయడానికి పెరట్లోకి పరిగెత్తేదాన్ని. మొన్న ఆ చెంచా రాకపోయేసరికి నోరంతా వెలితిగా అనిపించింది.

నా రక్తం బాగుందన్నారు. ఇక ఖర్జూరాలు నాకు పంపకు, నువ్వు తిను. ఆ ఇనప మూకుడు ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా? ఆకుకూర అందులోనే వండించు. నాన్నకి నమస్కారాలు.

నీకు కళ్లు తిరుగుతున్నాయని చెల్లి రాసింది. నాకు చెప్పొద్దన్నావట! మా అందరి రెప్పలూ చూశావు గానీ, నీ రెప్ప ఎవరం చూశాం?

చెల్లీ, ఈ కార్డు చదివి వినిపిస్తున్నది నువ్వేగా? ఇక్కడ ఆపి, చెంచాలో రసం పోసుకొచ్చి, అమ్మ రెప్ప లాగి చూడు.

అమ్మా, నువ్వు నోరు తెరు.

నీ సుద్దముక్క