నాలుగో రూపం

మార్చి 2, ఆదివారం

ప్రార్థన కూటానికి ఎవరూ రాలేదు. పోయిన వారం బావ ఒక్కడైనా వచ్చి, ముందు వరసలో కూర్చుని కునికాడు. ఈ రోజు ఫోన్ చేసి మోకాళ్ల నొప్పులన్నాడు. మోకాళ్లు కాదు, చెవులు నొప్పి అని చెప్పు అన్నాను. నవ్వాడు. ఒరేయ్ బావమరిదీ, నువ్వు తిట్టే తిట్లకి దేవుడే వెనక బెంచీకి జరిగాడు, ఇంక నేనెంతరా అన్నాడు.

ఖాళీ కుర్చీలకే ప్రసంగం చేశాను. మెత్తగా చెప్పడం నా వల్ల కాదు. నిప్పు నిప్పులాగే ఉండాలి. కాలుతుందని దాన్ని దూదిలో చుట్టి ఇస్తామా?

మార్చి 3, సోమవారం

ఆఫీసులోనూ నా బోధ ఒకటే. మూలం ఒక్కటే ఉండాలి.

మందుల వేళ గుర్తు చేసే యాప్‌కి మాన్యువల్ రాస్తున్నాను. రాసేది ఒకే ఫైలు. బిల్డ్ నొక్కితే అందులోంచే ప్రింటుకి పీడీఎఫ్, వెబ్‌కి పేజీలు, ఫోన్ తెర మీదికి హెల్ప్ వస్తాయి. ఇక్కడ ఒక మాట మారిస్తే మూడు చోట్లా మారుతుంది. కాపీ చేసి పక్కన దాచుకోవడం పాపం. ఒకే సంగతి రెండు చోట్ల రాసినవాడికి రెండు నాలుకలు. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. దేవుడి గ్రంథం నేర్చుకున్నట్టే, ఎదురుగా పెట్టుకుని కుస్తీ పట్టి నేర్చుకున్నాను. గ్రంథం ఇప్పటికీ మానిటర్ పక్కనే ఉంటుంది.

ఇప్పుడు నాలుగో రూపం కావాలట. స్వరం. చూపు లేనివాళ్లకి మెషిన్ గొంతు చదివి వినిపించాలి. దానికి స్క్రిప్టు, అంటే ఫైలుని గొంతుగా మార్చే ప్రోగ్రాం, రాసేది మా ఇంజినీరు. ఏసీ కింద పొద్దస్తమానం తుమ్ముతాడని అందరూ తుమ్ముల మాస్టారంటారు. మీ ఫైలుకి నోరు వస్తోందండీ, జాగ్రత్త అన్నాడు. మధ్యలో రెండు తుమ్ములు.

మార్చి 5, బుధవారం

లైను మొదట ఒక గుర్తు పెడితే అది కామెంట్ అవుతుంది. ఫైల్లో ఉంటుంది, ఏ రూపంలోకీ రాదు. ఈ బొమ్మ మార్చాలి, ఈ బటన్ పేరు అడగాలి, అలాంటివి మా కోసం రాసుకుంటాం.

ఈ రోజు లాగిన్ అధ్యాయం కింద ఇంకో రకం కామెంట్ పెట్టాను. "లోపలికి రానివ్వలేదని ఏడ్చేవాడా, నువ్వు గడప దాకా ఎప్పుడు వచ్చావు?" ఎందుకు రాశానో తెలియదు. రాశాక గుండె తేలికైంది.

మార్చి 11, మంగళవారం

ప్రతి అధ్యాయం కిందా ఒక ప్రసంగం. అలారం కింద నిద్రపోతుల మీద. సెట్టింగ్స్ కింద గోడ మీది పిల్లుల మీద. భోజనం వేళ అందరూ కిందికి వెళ్తారు. నేను గ్రంథం తెరిచి పెట్టుకుని రాస్తాను. "మోతాదు మరిచిపోతే" అనే అధ్యాయం కింద బ్రహ్మాండంగా కుదిరింది. చెయ్యాల్సిన మేలు వాయిదా వేసేవాళ్లని ఉతికి ఆరేశాను.

ఎవరూ వినరు. కానీ మధ్యలో లేచిపోయేవాళ్లు కూడా ఉండరు.

మార్చి 16, ఆదివారం

కూటం హాలుకి వెళ్లలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

మార్చి 19, బుధవారం

స్వరం బిల్డ్ మొదటిసారి బయటికి వెళ్లి వారమైంది. పరీక్షించేది ఒక పెద్దావిడ. చూపు లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. తన బీపీ మాత్రలకే యాప్ పెట్టుకుని, హెల్ప్ విని, తప్పులు ఫోన్లో చెబుతుంది. మాస్టారు సెలవులో ఉంటే నాకు చేసింది.

ఆ మెషిన్ కామా దగ్గర ఊపిరి పీల్చదేమండీ, వెనక కుక్క తరుముతున్నట్టు చదువుతుంది అంది. రాసుకున్నాను. రాసేది మీరేనా అని అడిగింది. నేనే అన్నాను. బాగా రాస్తారు, అది పెట్టుకునే గిన్నెలు తోముకుంటున్నాను అంది.

మాన్యువల్ వింటూ గిన్నెలు తోమడమేమిటో! పెట్టేశాక చాలాసేపు ఫోన్ చేతిలోనే ఉంది. బాగా రాస్తారు అని నాతో అన్నవాళ్లెవరూ గుర్తుకు రాలేదు.

నేను ఆ స్వరం వినలేదు. ఎందుకు వినాలి? మూలం ఒకటైతే రూపం వేరే మాట చెప్పదు.

మార్చి 26, బుధవారం, ఉదయం

పెద్దావిడ నిన్న స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయింది. బీపీ మాత్ర రెండు వేసుకుందట. మొన్నటిది మరిచిపోయిందట. పక్కింటివాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, ప్రమాదం లేదన్నారు. రెండెందుకు వేసుకున్నావని డాక్టరు అడిగితే, హెల్పే చెప్పిందని చెప్పింది.

మాస్టారు ముఖం పాలిపోయింది. నేను మండిపడ్డాను. పీడీఎఫ్ తెరిచి చూపించాను: "మరిచిపోయిన మోతాదును వదిలేయండి. ఒకేసారి రెండు వేసుకోకండి." వెబ్‌లో అదే. ఫోన్ తెర మీద అదే. మూడు సాక్ష్యాలు చాలవా అన్నాను. వయసు మీద పడి పొరపాటున మింగేసి, నెపం మన మీద వేస్తోంది అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను.

మాస్టారు నెమ్మదిగా, నాలుగోది విన్నారా అని అడిగాడు. తుమ్మలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

విన్నాను.

"ఒకేసారి రెండు వేసుకోకండి." చిన్న విరామం. తర్వాత అదే గొంతు, అదే తీరు: "మరిచిపోయినవాడా, ఇంకా ఆగుతావా? నిన్న ఎగ్గొట్టినదానికి నేడు రెట్టింపు చెయ్యి."

నా మాట. స్వరం స్క్రిప్టు కామెంట్లను వదిలెయ్యడం లేదు, వాటినీ చదివేస్తోంది. మొదటి నుంచి చివరి దాకా విన్నాను. లాగిన్, గడప. అలారం, నిద్రపోతులు. అన్నీ ఉన్నాయి. ఆవిడ ఈ రెండు వారాలూ గిన్నెలు తోముకుంటూ విన్నది నా ప్రసంగాలే.

గ్రంథం తెరవబోయి మూసేశాను.

మార్చి 27, గురువారం

మాస్టారు తప్పంతా తన స్క్రిప్టుదే అని మేనేజరుకి రాయబోయాడు. ఆపాను. రాయకూడనిది రాసింది నేను. ఆవిడని అబద్ధాలకోరుని చేసిందీ నేనే. మేనేజరు గదిలో నిలబడి ఈ రెండూ చెప్పాను. ఆయన తల పట్టుకుని, ఏమయ్యా, మందుల యాప్‌లో మతబోధా అన్నాడు. ఉద్యోగం సంగతి సోమవారం చెబుతానన్నాడు.

ప్రసంగాలన్నీ తుడిచేశాను. కాపీ పెట్టుకోలేదు. నాలుగు రూపాలూ బిల్డ్ చేసి, నాలుగోది కళ్లు మూసుకుని విన్నాను. ఇప్పుడు అందులో మందులే ఉన్నాయి.

మార్చి 29, శనివారం

ఆవిడ ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తు, ఒకే గది. గొంతు వినగానే, ఓహో, రెట్టింపు అయ్యగారా, రండి అంది. నుదుటి మీద కట్టు. జరిగింది చెప్పాను. ఆఫీసులో ఆవిడ గురించి అన్నది కూడా చెప్పాను.

మొదటి రోజే అనుమానమొచ్చింది నాయనా, మాత్రలకీ గోడ మీది పిల్లికీ ఏం సంబంధమని అంది. మరి చెప్పలేదేం అన్నాను. చెబితే తీసేస్తారు కదా అంది. ఈ గదిలో నాతో మాట్లాడేది అదొక్కటే అంది.

నలుగురికి వినిపించాలని ఇన్నేళ్లు అరిచాను. అసలు ఇలా విన్నవాళ్లు ఎవరున్నారు?

అప్పుడు ఆవిడ నిద్రపోతుల ప్రసంగం మొత్తం అప్పజెప్పింది. మెషిన్‌లాగే, ఒక్క మాట మీదా బరువు వెయ్యకుండా. కోపం లేకపోతే నా మాట అలా ఉంటుందని నాకు తెలియదు. ఎవరినో నిద్ర లేపుతున్నట్టు లేదు. పక్కన కూర్చుని, లేచే దాకా ఉంటానని చెబుతున్నట్టుంది.

మీరే గట్టిగా చెప్పుంటే ఎప్పుడో ఆపేసేదాన్ని అంది. అన్నీ తుడిచేశాను అన్నాను. అయితే ఒకటి కొత్తగా రాసుకుని వచ్చే ఆదివారం రండి, కానీ అరిచారంటే గెంటేస్తాను, గోడవతల పసిపిల్ల ఉంది అంది.

మార్చి 31, సోమవారం

ఉద్యోగం ఉంది. ఇకనుంచి నా ఫైలు మాస్టారు చదివాకే బిల్డ్.

ఏప్రిల్ 4, శుక్రవారం

రాసినవన్నీ చించేశాను. ప్రతి వాక్యంలోనూ ఎవరినో ఒకరిని తిడుతున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఒక పేజీ చదివాను. కామా దగ్గర ఊపిరి పీల్చుకున్నాను. అయిపోయింది.

తర్వాత? అంది ఆవిడ.

కాగితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. ఆవిడ ఎదురుచూస్తూనే ఉంది.