ముల్లు చుక్క మీదే ఉంది

రికార్డు ప్లేయర్ల మేస్త్రి గారికి,

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మీ పాత కస్టమరు రాస్తున్నది. ఇక్కడ నేనూ మా ఆవిడా కులాసా. ప్లేయరు మాత్రం కులాసాగా లేదు. పాట మొదట్లో బాగానే ఉంటుంది, చివరికొచ్చేసరికి పాడేవాడి నోట్లో ఇసుక పోసినట్టవుతోంది. ముల్లుండే కార్ట్రిడ్జి పక్కకి ఒరిగిందనీ, మరలు వదులు చేసి సరిగ్గా నిలబెట్టాలనీ మొన్న మీరే అన్నారు. మీ షాపుకి తెద్దామంటే మధ్యలో రెండు వీధులూ ఒక స్పీడు బ్రేకరూ ఉన్నాయి. అందుకని నేనే చేస్తాను.

పదకొండేళ్లుగా ఇదే ముల్లు. ఒక్క దెబ్బ తగలనివ్వలేదు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదు, ఈ ముల్లు మీదా లేదు. దానికి హాని జరక్కుండా పని ఎలా చేయాలో రాతపూర్వకంగా తెలపండి. నోటి మాట మీద నేను ఏ పనీ చేయను.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క. రోజూ పొద్దున్నే ముల్లుని బ్రష్షుతో నేనే దులుపుతాను. మా ఆవిణ్ని ఆ బల్ల దగ్గర తుమ్మనివ్వను కూడా.

*

ఇన్‌స్పెక్టరు గారికి మేస్త్రి నమస్కారాలు.

పని చిన్నదే, కంగారు పడకండి. ముందు కరెంటు ప్లగ్గు తీసేయండి. ముల్లుండే కడ్డీని దాని కొక్కేనికి తగిలించండి. ముల్లుకి ప్లాస్టిక్ మూత తొడిగాకే మరలు ముట్టుకోండి. కార్ట్రిడ్జిలో అయస్కాంతం ఉంటుంది, ఇనుము దగ్గరికి రానివ్వకండి. చటుక్కున లాక్కుంటుంది, ముల్లు విరుగుతుంది. ఫ్యాను గాలి కూడా తగలకుండా చూసుకోండి.

ఉంటానండి,
మేస్త్రి

తా.క. ఊపిరి బిగపట్టి చేస్తే చెయ్యి వణకదు.

*

మేస్త్రి గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివి, ముఖ్యమైన చోట్ల ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, అమల్లో పెట్టాను. కిటికీలు మూసి సందుల్లో పాత చొక్కాలు కుక్కాను. ఫోను మోగితే బల్ల అదురుతుందని దాని వైరు పీకేశాను. ఇంట్లోని ఇనుమంతా జాబితా రాసి బయటికి పంపాను: కత్తులు, తాళాలు, పెనం, మా ఆవిడ కుట్టుమిషను. పెనం దాకా ఆవిడ ఓర్చుకుంది. మిషను గుమ్మం దాటగానే దాని వెనకే తనూ దాటింది. ఇప్పుడు ఇద్దరూ మా మరదలింట్లో ఉన్నారు.

పాట చివరిదాకా శుభ్రంగా వినిపించిన రోజే ఇంట్లో అడుగు పెడతానని కబురు పంపింది. అన్న మాట మీద నిలబడే మనిషి. ఇదిప్పుడు ఒక్క ముల్లు సంగతి కాదు మేస్త్రి గారూ, నా కాపురం సంగతి. తర్వాతి మెట్టు త్వరగా రాయండి. ఉత్తరం తలుపు కింద నుంచి తోయించండి, తలుపు తీస్తే గాలి వస్తుంది.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క. ఊపిరి బిగపట్టాను. రెండుసార్లు కళ్లు తిరిగాయి. బిగపట్టాల్సింది ఒక్కో మర తిప్పేటప్పుడా, పని మొత్తం అయ్యేదాకానా?

*

అయ్యా,

ఇనుమంటే స్క్రూడ్రైవరు గురించి అన్నాను, పెనం గురించి కాదు. ఇత్తడిది వాడితే సరిపోయేది. ముందు వెళ్లి అమ్మగారిని పిలుచుకు రండి.

కొలత కాగితం పంపుతున్నాను, రికార్డు తిరిగే పళ్లెం మీద పరచండి. దాని మీద ఒక చుక్క ఉంటుంది. మూత తీసి, ముల్లుని మీటతో మెల్లగా ఆ చుక్క మీదికి దించండి. కార్ట్రిడ్జి వంకరగా కనిపిస్తే ముల్లు పైకెత్తి, మూత తొడిగి, అప్పుడు సర్దండి. ముల్లు ఆని ఉండగా పక్కకి నెట్టారో, పోయిందే. చుక్క మీద ఉన్నంతసేపూ పళ్లెం తిరగకూడదు, చేత్తో పట్టుకోండి.

ఉంటానండి,
మేస్త్రి

తా.క. దయచేసి ఊపిరి పీల్చండి.

*

మేస్త్రి గారికి,

అక్షరాలు వంకరగా ఉన్నందుకు మన్నించాలి. ఎడం చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి పళ్లెం పట్టుకుని ఉంది.

శనివారం పొద్దున్న ముల్లు దించాను. భూతద్దంతో చూశాను, సరిగ్గా చుక్క నడిమధ్యన ఉంది. ఇవాళ సోమవారం. పట్టుకోమన్నారు గానీ ఎప్పుడు వదలాలో మీరు రాయలేదు. బల్ల తలుపు పక్కనే ఉంది కనక, పక్కింటాయన పుణ్యాన తలుపు సందులోంచి రబ్బరు గొట్టంతో పాలు అందుతున్నాయి, ఉత్తరాలూ చేతికందుతున్నాయి.

మా ఆవిణ్ని పిలుచుకు రమ్మన్నారు. ఎలా వెళ్లను, చెయ్యి ఖాళీ లేదు. ఇల్లు బావురుమంటోందండీ. ఇన్నేళ్లూ ఆ మిషను చప్పుడని విసుక్కున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు లేక పిచ్చెక్కుతోంది. ఆవిడ లేకుండా ఈ పాట బాగుపడితే మాత్రం నాకెందుకు?

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. కడ్డీ మీద ఈగ వాలింది. ముల్లు మీద రెండు గ్రాములకి మించి బరువు పడకూడదని పెట్టె మీద ఉంది. ఈగ నికర బరువెంత?

*

ఇన్‌స్పెక్టరు గారికి,

ముల్లు ఎత్తి కొక్కేనికి తగిలించి, పళ్లెం వదిలేయండి. ప్లగ్గు తీసే ఉంది, అదెక్కడికీ పోదు. ఇక కుర్చీలో కూర్చోండి. ఇది కూర్చుని చదవాల్సిన సంగతి.

మీ ఉత్తరం అమ్మగారికి చూపించాను. చదివి కళ్లు తుడుచుకున్నారు, తర్వాత చాలాసేపు నవ్వారు. ఇన్నాళ్లూ చెప్పొద్దన్న మాట ఇవాళ రాయమన్నారు. అది మీ పాత ముల్లు కాదండి. ఏడోది. ఆరింటినీ విరగ్గొట్టింది మీ పొద్దుటి బ్రష్షే. వెనక నుంచి ముందుకి మెల్లగా దులపాల్సింది, మీరు అడ్డంగా తోముతారట. విరిగినప్పుడల్లా మీరు బయటికెళ్లగానే అమ్మగారు మా షాపుకొచ్చి కొత్తది పట్టుకెళ్లి, సాయంత్రం మీరు పాట పెట్టేలోగా బిగించేవారు. కొలత కాగితం ఆవిడ దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఏడోది బిగిస్తుండగా మీరు తొందరగా వచ్చేశారట, అందుకే అది వంకరపోయింది.

ఆయనకి చెప్పెయ్యకూడదా అమ్మా అని ఒకసారి అడిగాను. "ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల తప్పులు పట్టుకుంటూ గడిపిన మనిషి. ఈ ఒక్కటి తన చేతిలో భద్రంగా ఉందని మురిసిపోతుంటే, నేనెలా చెప్పను?" అన్నారు.

ఈ ఉత్తరం తలుపు కింద నుంచి తోసింది ఆవిడే. మీరు చదివేదాకా బయట మెట్టు మీద కూర్చుంటానన్నారు. పాట పంతం వదిలేశారు. వెళ్లి తలుపు తీయండి.

మీ ఇద్దరి శ్రేయోభిలాషి,
మేస్త్రి

తా.క. వస్తూ వస్తూ ఎనిమిదో ముల్లు కూడా తెచ్చుకున్నారు. ఇంత చదివాక కూడా రేపు పొద్దున్న మీరు బ్రష్షు పట్టుకుంటారని ఆవిడకి తెలుసు.