రూఫస్‌ని తీసుకుంటారా, లేదా?

టోలెడో,
ఆగస్టు 3, 1971

ప్రియమైన లెన్‌కి,

మీ ఫుట్‌బాల్ శిబిరం ఫోన్ ఎప్పుడు చేసినా ఎంగేజే, అందుకే ఈ ఉత్తరం. నీ రూఫస్ టిల్‌మన్ తొమ్మిది రోజులుగా మన వంటింట్లోనే ఉన్నాడు. "కోచ్ కబురు చేస్తానన్నాడు, మిస్ బెర్నీస్" అంటాడు. ఫోన్ మోగితే నాకంటే ముందు లేస్తాడు. నిన్న మా అమ్మ ఫోన్ చేస్తే "నా మోకాలు బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాడు!

పదకొండు సీజన్లు బంతి చంకలో పెట్టుకుని మీ కోసం పరిగెత్తాడు. నిరుడు వదిలేశారు. ముప్పైమూడేళ్లవాణ్ణి మళ్లీ తీసుకుంటారో లేదో తేల్చి చెప్పండి. ఏమిటీ నాన్చుడు?

విసిగిపోయిన
నీ బెర్నీస్

*

శిబిరం,
ఆగస్టు 7

ప్రియమైన బెర్నీ,

నన్నెందుకు తిడతావు? నేను బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల కోచ్‌ని మాత్రమే. తీసుకోవాల్సింది హెడ్ కోచ్ హాలొరన్. "ముప్పై దాటిన రన్నింగ్ బ్యాకా? మ్యూజియంలో పెట్టుకోనా?" అంటాడు.

మా కొత్త కుర్రాళ్లు పరుగులో దిట్టలే. కానీ బంతి విసిరేవాడి మీదకి ఎదుటి జట్టువాడు దూకుతుంటే అడ్డుపడరే! పెళ్లికొచ్చిన చుట్టానికిచ్చినట్టు దారిస్తారు. నిన్న పాపం మావాడి పక్కటెముక విరిగింది. నేను చెప్పి చెప్పి గొంతు పోయింది, ఒక్కడి బుర్రకీ ఎక్కదు. ఆ పని రూఫస్‌కి వెన్నతో పెట్టిన విద్య. నా పోరు పడలేక హాలొరన్ "వాడి గొప్పేంటో కాగితం మీద రాసివ్వు" అన్నాడు. రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టు తల్లీ.

నీ లెన్

*

టోలెడో,
ఆగస్టు 11

లెన్ మహాశయా,

ఓపికట ఓపిక! నీ రూఫస్ ఇవాళ మన పోస్ట్‌మన్‌ని పెరట్లో నిలబెట్టి, మీదపడేవాణ్ణి ఎలా ఆపాలో గంటసేపు నేర్పాడు. ఉత్తరాలన్నీ గడ్డిలో!

భోజనాల దగ్గర మాత్రం "ఇది తప్ప నాకింకేం రాదు, మిస్ బెర్నీస్. ఇంకెక్కడికెళ్లి ఏం పని అడగను?" అన్నాడు. వాడికి ఇంకాస్త వడ్డించాను. లేదని చెప్పాల్సివస్తే, నువ్వే వచ్చి వాడి మొహం చూసి చెప్పు.

బెర్నీస్

*

శిబిరం,
ఆగస్టు 16

ప్రియమైన బెర్నీ,

రూఫస్‌ని తీసుకున్నారు. అప్పుడే గంతులెయ్యకు, చివరిదాకా చదువు.

ఇక్కడ ఎవరినైనా తీసేయాలంటే పొద్దున్నే తలుపు కొట్టి, "ప్లేబుక్ పట్టుకుని హెడ్ కోచ్ దగ్గరికి రా" అంటారు, జట్టు ఎత్తుల పుస్తకం వెనక్కి లాక్కోవడానికి. పదేళ్లుగా ఆ పాపిష్టి పని నాదే. ఇవాళ నా తలుపే కొట్టారు.

హాలొరన్ చేతిలో నేను రాసిన కాగితం ఉంది. "'మోకాలు అంతంతమాత్రమే కానీ, కుర్రాళ్లకి అడ్డుపడటం నేర్పడంలో వీణ్ణి మించినవాడు లేడు.' నువ్వు రాసిందేగా?"

"నేనే."

"మరి నాకు నువ్వెందుకయ్యా?"

నా ఉద్యోగం వాడికిచ్చారు బెర్నీ. ఒళ్లు మండిపోతోంది, ఎవరి మీదో తెలియడం లేదు. ఒక్క అక్షరం అబద్ధం రాసినా బతికిపోయేవాణ్ణి.

ప్లేబుక్ ఇమ్మన్నాడు, ఇవ్వలేదు. అంచుల నిండా నా రాతలున్నాయి, రూఫస్‌కి నా చేత్తోనే ఇస్తానన్నాను. శనివారం వస్తున్నాను. విషయం తెలిస్తే ఆ పిచ్చోడు రానని మొండికేస్తాడు. నేనొచ్చేదాకా ఇల్లు కదలనివ్వకు.

నీ
లెన్