బేగం బీ వాంగ్మూలం, ఒక బొత్తాం

మండల తహసీల్దారు వారి సముఖమునకు, విజయవాడలో కూచిపూడి నాట్య దుస్తులు కుట్టి జీవించుచున్న శాంభవి ఫిర్దౌస్, వయసు 38, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా కుల, మత ధ్రువపత్రములో తల్లి తరపు, తండ్రి తరపు రెండూ నమోదు చేయుట, అంతవరకు మా మేనమామ గారి దరఖాస్తును కదలనీయకుండుట గురించి.

అయ్యా,

1. మా తండ్రి అమన్, దర్జీ. మా తల్లి రమాసుందరి, నాట్యం నేర్పే టీచరు. పిల్లల దుస్తులకు కొలతలు ఇవ్వడానికి ఆయన దుకాణానికి వచ్చింది. కొలతలిచ్చి ఊరికే వెళ్ళిపోయి ఉంటే తమకు ఈ అర్జీ చదివే శ్రమ ఉండేది కాదు. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగినది. ఎవరూ మతం మార్చుకొనలేదు. నాకు చెరొక పేరు పెట్టారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆయనను ఖననం చేసితిని, ఆమెను దహనం చేసితిని. మరణ ధ్రువపత్రములు జతపరచడమైనది.

2. చేతిపనివారి గుర్తింపు కార్డుకు కుల, మత ధ్రువపత్రము కావలెనన్నారు. దరఖాస్తులో రెండూ వ్రాసితిని. రాయితీ ఏదీ కోరలేదు. "ఒకటి మాత్రమే వ్రాయవలెను" అని మూడు పర్యాయములు తిప్పి పంపిరి. ఒకరిని వ్రాస్తే రెండోవారిని నా చేత్తో కొట్టేసినట్టే కదా అయ్యా. కన్నవాళ్ళలో ఎవరిని కొట్టెయ్యమంటారు?

3. తదుపరి తమ రెవిన్యూ ఇన్‌స్పెక్టరు శ్రీ ఉదయభాస్కర్ గారు స్థానిక విచారణకై మా ఇంటికి విచ్చేసిరి. టీ తాగిరి. "ఇంట్లో దీపం పెడతారా, నమాజు చేస్తారా?" అని అడిగిరి. రెండూ అంటిని.

"అట్లా కాదమ్మా, ఎక్కువ చేసేది ఏదో చెప్పండి."

"ఎక్కువ చేసేది మిషను తొక్కడం అండీ."

అది వ్రాసుకొనలేదు. అప్పుడు మంచం మీద కూర్చున్న మా నాయనమ్మ బేగం బీని, వయసు 84, విచారించిరి.

"మామ్మగారూ, ఈవిడ మీవాళ్ళ కిందకి వస్తుందా, వాళ్ళ కిందకి వస్తుందా?"

"మా అమన్ బిడ్డ, మా రమ బిడ్డ. ఇద్దరి బిడ్డ బాబూ. సగానికి కోస్తారా ఏంటి?"

ఈ వ్యవహారం మొత్తంలో నిజం చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే. నివేదికలో ఆవిడ గురించి వ్రాసినది ఇది: "వృద్ధురాలికి మతిస్థిమితము లేదు. వాంగ్మూలము పరిగణింపదగదు."

4. పరిగణింపదగినది ఎవరి మాట అంటే, మా అమ్మ అన్న శ్రీ వెంకటకృష్ణారావు గారిది. "అర్జీదారుతో మా కుటుంబమునకు ఎట్టి సంబంధము లేదు" అని ఆయన వ్రాసి ఇచ్చిరి. దాని మీద నా దరఖాస్తు "ఏ వర్గమునకు చెందినదో నిర్ధారణ కాలేదు" అన్న ఒక్క మాటతో తిరస్కరింపబడినది. ముప్ఫై ఎనిమిదేళ్ళు బతికాక నేను నిర్ధారణ కాలేదని తెలిసినది.

5. చెరపకురా చెడేవు అన్నారు. మా అమ్మ తండ్రి, తాతగారు అచ్యుతరామారావు గారు పోయిన ఏడు కాలం చేసిరి. మైలవరం రోడ్డులో ఆయన స్థలం అమ్ముటకు మామయ్య గారు కుటుంబ సభ్యుల ధ్రువపత్రమునకై తమకే దరఖాస్తు చేసుకొన్నారు. రమాసుందరికి వాటా ఉంది, ఆమె కూతురు సంతకం లేనిదే కొనేది లేదని కొనేవారి వకీలు తేల్చి చెప్పినాడు. మొన్న ఆదివారం మామయ్య గారు పూతరేకుల డబ్బా పట్టుకొని నా దుకాణం మెట్టెక్కిరి. నేను పుట్టాక ఇదే మొదలు.

"ఏవమ్మా శాంభవీ, ఎంతైనా నువ్వు మా రక్తానివే కదే! ఇక్కడో సంతకం పెట్టెయ్."

"నా పేరు శాంభవి ఫిర్దౌస్ అండీ. మొత్తం పిలవండి, పెడతాను."

ఆ రెండో పేరు ఆయన పలకలేదు. గోడకున్న నాట్య దుస్తుల వంక చూసి, "నలుగురి కోసం అట్లా రాసివ్వాల్సొచ్చిందమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారు. జాకెట్టు కొలతకు వచ్చిన ఆదెమ్మ గారు ఈ మాటలు చెవులారా విన్నారు. ఆమె వాంగ్మూలము సంతకముతో జతపరచడమైనది.

ఎట్టి సంబంధము లేని మనిషి సంతకం ఏ చట్టం కింద చెల్లునో తామే సెలవివ్వవలెను. నేను ఎవరినీ కానని తమ ఫైలే చెబుతున్నది. తమ ఫైలును ధిక్కరించే ధైర్యం నాకు లేదు.

6. ఇది పగ అని ఆయన తమకు విన్నవించుకొనవచ్చును. నిజమే అయ్యా, పగే. మా అమ్మ ఆస్పత్రిలో మూడు రోజులు "అన్నయ్యకి ఫోన్ చెయ్యవే" అంటూనే ఉంది. చేస్తూనే ఉన్నాను. ఆయన ఎత్తలేదు. చితి దగ్గరకీ రాలేదు. ఆ మనిషి మీద పగ లేకపోతే మతిస్థిమితం లేనిది నాకు.

కావున నా ప్రార్థన. మామయ్య గారు తమ ఎదుట నిలబడి, "శాంభవి ఫిర్దౌస్ మా చెల్లెలు రమాసుందరికి, అమన్‌కు పుట్టిన బిడ్డ" అని పైకి చదివి సంతకం చేయవలెను. గొంతు వణికినా పరవాలేదు, పూర్తిగా చదవవలెను. మా నాయనమ్మ వాంగ్మూలమును ఆమె బతికుండగానే ఫైలులో చేర్చవలెను. నా ధ్రువపత్రములో ఇద్దరూ ఉండవలెను. అవన్నీ అయిన రోజున నా సంతకం ఆయనకు ముడుతుంది. అందాకా ఆ స్థలంలో గడ్డి మొలవనీయండి.

తమ తీరిక చూసుకొని గాక, మా నాయనమ్మ వయసు చూసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
శాంభవి ఫిర్దౌస్

తా.క.: విచారణ రోజున ఉదయభాస్కర్ గారి చొక్కాకు పైనుంచి రెండో బొత్తాం లేదు. మా నాయనమ్మ అది చూసి, "ఆఫీసుకి ఇట్లా పోతావా నాయనా, ఆగు" అని, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించి, కుట్టి పంపింది. ఆ చొక్కాతోనే వెళ్ళి ఆయన ఆవిడకు మతి లేదని వ్రాసిరి. అట్టి మనిషి కుట్టిన బొత్తాం కూడా పరిగణింపదగదు. దానిని కత్తిరించి, కవరులో పెట్టి, రిజిస్టరు పోస్టులో మాకు తిప్పి పంపించవలెను. దానంతట అది ఊడుతుందని మాత్రం చూడొద్దు. మా నాయనమ్మ కుట్టు నాకు తెలుసు.